డర్ట్ బైక్ మీద హాఫ్ క్లచ్ ఎంతవరకు వాడవచ్చు? రోడ్డు అలవాటు అడ్డం వస్తోంది

ప్రశ్న

మిత్రులందరికీ నమస్కారం. రోడ్డు మీద బండి నడపడం నాకు పదేళ్లకు పైగా అలవాటు. మూడు నెలల క్రితం 250 సి.సి. ఫోర్ స్ట్రోక్ డర్ట్ బైక్ ఒకటి తీసుకుని మట్టిదారుల్లో నడపడం మొదలుపెట్టాను. క్లచ్, గేర్లు, బ్రేకులు అన్నీ తెలిసిన చోటనే ఉన్నా, దారి కాస్త కష్టంగా మారగానే బండి నా మాట వినడం లేదు.

రాళ్ల మధ్య ఇరుకు మలుపులో నెమ్మదిగా తిప్పవలసి వచ్చినప్పుడు క్లచ్ వదిలితే బండి ముందుకు దూకుతోంది, యాక్సిలరేటర్ తగ్గిస్తే ఇంజన్ ఆగిపోతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు సగం దూరం బాగానే వెళ్లి, ఆ తరువాత ఇంజన్ శబ్దం బరువెక్కి, నేను గేరు తగ్గించేలోపే బండి నిలిచిపోతోంది. వీటన్నిటికన్నా ఎక్కువగా బాధపెడుతున్నది మరొకటి ఉంది: 20 నిమిషాలు నడిపేసరికి ముంజేతులు పట్టేసి, క్లచ్ లీవరు లాగడానికి కూడా వేళ్లలో బలం మిగలడం లేదు.

నాకు బండి నేర్పినవారు "హాఫ్ క్లచ్ మీద, అంటే లీవరు సగం లాగి ఉంచి నడిపితే క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి, పట్టుకుంటే పూర్తిగా పట్టుకో, వదిలితే పూర్తిగా వదిలెయ్" అని పదే పదే చెప్పారు. మట్టిలో అనుభవం ఉన్నవాళ్లను గమనిస్తే, వాళ్ల చూపుడు వేలు లీవరు మీద నుంచి తొలగడమే లేదు. గత వారం నేను కూడా అలాగే ప్రయత్నించాను గానీ, ఎత్తు మీద కాలిన వాసన రావడంతో భయపడి ఆపేశాను. ఈ రెండింటిలో ఏది సరైనదో, నేను ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1

మీకు నేర్పినవారి మాట రోడ్డుకు సరిపోతుంది, అందువల్ల వారిని తప్పుపట్టవలసిన పని లేదు. రోడ్డు మీద బండిని కదిలించడం, గేరు మార్చడం, ఆపడం, ఇంతటితో క్లచ్ పని తీరిపోతుంది. మట్టిలో మాత్రం వెనక చక్రానికి ఏ క్షణాన ఎంత బలం అందాలో నిర్ణయించేది క్లచ్చే, అంటే దాన్ని ఎడమచేతి యాక్సిలరేటర్ అనుకోవచ్చు. ఈ ఒక్క విషయం మనసుకు పడితే మీ ఇబ్బందుల్లో సగం తీరిపోతాయని నా నమ్మకం.

కారణం చాలా సూటిగా ఉంటుంది. ఫస్ట్ గేరులో క్లచ్ పూర్తిగా వదిలి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా ఉంటే బండి ఒక వేగంతో పోతూ ఉంటుంది. అంతకన్నా నెమ్మదిగా పోవాలంటే, ఇంజన్ ఆగకుండా ఉండాలంటే, మన చేతిలో మిగిలిన సాధనం క్లచ్ ఒక్కటే. మీరు చెప్పిన ఇరుకు మలుపుకు కావలసిన వేగం సరిగ్గా ఆ హద్దుకు దిగువన ఉంటుంది, అందుకే అక్కడ పూర్తిగా పట్టుకోవడం, పూర్తిగా వదలడం అనే రెండు స్థితులు ఎంత జాగ్రత్తగా వాడినా సరిపోవడం లేదు. పైగా గతుకుల మీద ఒళ్లు కుదిపినప్పుడల్లా కుడి మణికట్టు తెలియకుండానే కదిలి యాక్సిలరేటర్ తెరుచుకుంటుంది. ఆ కదలిక నేరుగా చక్రానికి చేరితే బండి దూకుతుంది, మధ్యలో క్లచ్ కాస్త జారుతూ ఉంటే ఆ దెబ్బను అదే మింగేస్తుంది. కాబట్టి ఇంజన్ వేగాన్ని ఐడిల్ (యాక్సిలరేటర్ ముట్టుకోనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) కన్నా కొద్దిగా పైన నిలకడగా ఉంచి, మిగిలిన సవరణ అంతా ఎడమ వేలితో చేయడం నేర్చుకోండి.

ప్లేట్ల సంగతి కూడా చెబుతాను. దాదాపు అన్ని డర్ట్ బైకుల్లో క్లచ్ ఆయిల్‌లో మునిగి పనిచేస్తుంది. రాపిడి పదార్థం అంటించిన ప్లేటు ఒకటి, దాని పక్కన నున్నటి స్టీల్ ప్లేటు ఒకటి, ఇలా వరుసగా పేర్చి, స్ప్రింగులతో ఒకదానికొకటి అదిమి ఉంచుతారు. మీరు లీవరు లాగినప్పుడు ఆ ఒత్తిడి తొలగి ప్లేట్లు విడిపోతాయి, సగం వదిలినప్పుడు ఒకదాని మీద ఒకటి జారుతూ కొంత బలాన్ని మాత్రమే అవతలికి పంపిస్తాయి. జారినప్పుడు పుట్టే వేడిని ఆయిల్ తీసుకుపోతుంది. అందువల్ల రెండు మూడు సెకన్ల చొప్పున జారనిచ్చి, మళ్లీ పూర్తిగా వదిలేస్తూ ఉంటే ప్లేట్లకు ప్రమాదం ఉండదు. ప్లేట్లు కాలేది ఇంజన్ గట్టిగా అరుస్తుండగా, చక్రం దాదాపు కదలకుండా ఉండగా, లీవరును సగంలో అలాగే పట్టుకుని నిలబడిపోయినప్పుడు. మీకు వాసన వచ్చింది కూడా అటువంటి సందర్భంలోనే అయి ఉండాలి.

ఇప్పుడు సాధన. చదునైన నేల మీద, ఇంజన్ బాగా వేడెక్కిన తరువాత, రెండు కాళ్లూ నేలకు ఆనించి కూర్చుని ఫస్ట్ గేరు వేయండి. కుడిచెయ్యి యాక్సిలరేటర్‌ను ముట్టుకోకూడదు. ఇప్పుడు లీవరును వెంట్రుకవాసి చొప్పున వదులుతూ రండి. ఒకచోట ఇంజన్ శబ్దం ఒక మెట్టు దిగుతుంది, చైను పై వరస వదులు పోయి బిగుసుకుంటుంది, బండి కదలబోతున్నట్టు కూర్చున్నచోట ఒక చిన్న తోపు తెలుస్తుంది. అక్కడ వేలిని ఆపండి. బండిని జానెడు ముందుకు పోనిచ్చి, మళ్లీ లీవరును కొద్దిగా లాగి ఆపండి. లాగినప్పుడు లీవరు గ్రిప్‌ను తాకేదాకా పోనక్కరలేదు, పట్టు వదిలిన చోటు దాటితే చాలు. ఇది ఒక 50 సార్లు చేసేసరికి ఆ చోటు కళ్లు మూసుకున్నా వేలికి దొరుకుతుంది. నేను మొదట్లో ఒక పూటంతా ఈ ఒక్క పనే చేశాను, ఇప్పటికీ బండి మారినప్పుడల్లా ముందు ఇదే చేస్తాను, ఎందుకంటే ఆ చోటు ప్రతి బండికీ కొంచెం వేరుగా ఉంటుంది.

అది కుదిరిన తరువాత కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టి, ఇంజన్‌ను కొద్దిగా రేజ్ చేసి అలాగే ఉంచి, వెనక బ్రేకును చాలా తేలికగా తొక్కుతూ, మనిషి నడిచే వేగంలో ఎనిమిది అంకె ఆకారంలో తిరగండి. బ్రేకు బండిని కొంచెం వెనక్కి లాగుతుంటే క్లచ్ కొంచెం ముందుకు తోస్తుంటుంది, ఆ రెండింటి మధ్య బండి ఆశ్చర్యం కలిగించేంత నిలకడగా నిలుస్తుంది. రాళ్ల మలుపులో మీకు కావలసింది ఈ నిలకడే.

సమాధానం 2

పై మిత్రులు చెప్పినదాన్ని అంగీకరిస్తూనే, దానికన్నా ముందు రావలసిన విషయం ఒకటి ఉందని మనవి చేస్తున్నాను. మీ ముంజేతులు పట్టేయడం చేతుల వల్ల వచ్చిన సమస్య కాదు, కాళ్లు చేయవలసిన పనిని చేతులు చేస్తున్నందువల్ల వచ్చిన సమస్య. బండి ముందుకు దూకినప్పుడల్లా హ్యాండిల్ పట్టుకుని వేలాడుతున్న మనిషి, అదే చేతి వేలితో వెంట్రుకవాసి పని చేయలేడు. లీవరు మీద ఎంత సాధన చేసినా శరీరం నిలబడే తీరు మారకపోతే ఆ సాధన గతుకుల్లో అక్కరకు రాదు.

ఫుట్‌రెస్టుల మీద నిలబడడం నేర్చుకోండి. పాదం మధ్యభాగం గానీ, వేళ్ల వెనక ఉన్న మెత్తటి భాగం గానీ ఫుట్‌రెస్టు మీద ఉండాలి, మోకాళ్లు కొద్దిగా వంచి ట్యాంకును, దాని కింది ప్లాస్టిక్ భాగాన్ని రెండు వైపుల నుంచి నొక్కి పట్టాలి. నడుము దగ్గర ముందుకు వంగి, తల హ్యాండిల్‌కు సరిగ్గా పైన ఉండేలా చూసుకుని, మోచేతులను బయటికి, పైకి ఎత్తండి. చూపు ముందు చక్రం మీద కాకుండా, పోవలసిన చోట ఉండాలి. ఈ భంగిమలో బండి వేగం పుంజుకున్నప్పుడు మీ బరువు పాదాల మీదనే నిలుస్తుంది, చేతుల మీద పడదు. సరిగ్గా నిలబడ్డారో లేదో తెలుసుకోవడానికి నేను ఒక పరీక్ష చెబుతూ ఉంటాను: నెమ్మదిగా పోతూ, ఎడమచేతి వేళ్లను గ్రిప్ మీద పాటకు తాళం వేసినట్టు ఆడించి చూడండి. వేళ్లు తేలికగా ఆడితే కాళ్లు పని చేస్తున్నట్టు, ఆడకపోతే మీరు ఇంకా హ్యాండిల్‌ను పట్టుకుని వేలాడుతున్నట్టు లెక్క.

లీవరు అమరిక కూడా ఒకసారి చూసుకోండి. రోడ్డు బండి మీద నాలుగు వేళ్లతో లాగే అలవాటు మనందరికీ ఉంటుంది గానీ, ఇక్కడ చూపుడు వేలు ఒక్కటి, మరీ గట్టి స్ప్రింగు అయితే దానితో పాటు మధ్య వేలు లీవరు మీద ఉంచి, మిగిలిన వేళ్లతో గ్రిప్ పట్టుకోవాలి. ఇది కుదరాలంటే లీవరు బిగించిన క్లాంపును హ్యాండిల్ మీద లోపలి వైపుకు కొంచెం జరపాలి. అప్పుడు చూపుడు వేలు లీవరు చివర వంపు మీదకు వస్తుంది, చివరన లాగితే తక్కువ బలం సరిపోతుంది. నిలబడి చెయ్యి చాచినప్పుడు మణికట్టు మడత పడకుండా ఉండే కోణానికి లీవరును కొద్దిగా కిందికి వంచండి. క్లాంపు బోల్టులను మరీ బిగించవద్దు, బండి పడినప్పుడు లీవరు పక్కకు తిరిగిపోగలిగితే విరగకుండా బయటపడుతుంది.

మలుపుల్లో కూర్చునే పద్ధతి వేరు. సీటు మీద వీలైనంత ముందుకు, ట్యాంకు దగ్గరికి జరిగి కూర్చుని, లోపలి కాలును ముందుకు చాచి, బరువును బయటి వైపు ఫుట్‌రెస్టు మీద మోపండి. బ్రేకు వేయడం మలుపులోకి దిగకముందే ముగించుకుని, మలుపు మధ్య నుంచి క్లచ్‌ను నెమ్మదిగా వదులుతూ బలం ఇవ్వండి. గాడి పడిన మలుపు అయితే చూపును గాడి చివర నిలపండి, ముందు చక్రాన్ని చూస్తూ సరిదిద్దబోతే అది గాడి అంచు ఎక్కుతుంది.

సమాధానం 3

హాఫ్ క్లచ్ తప్పు కాదన్న మాట నిజమే అయినా, కొత్తవారు దాన్ని అవసరానికి మించి వాడుతారన్న భయం నాకు ఉంది, ఎందుకంటే నా మొదటి బండి క్లచ్‌ను నేనే అలా పాడుచేసుకున్నాను. కవరు విప్పి ప్లేట్లు బయటికి తీసినప్పుడు, నున్నగా మెరవవలసిన స్టీల్ ప్లేట్ల మీద నీలం, ఊదారంగు మచ్చలు పడి ఉన్నాయి. ఒక ప్లేటును అద్దం ముక్క మీద పెట్టి వేలితో నొక్కితే అది ఒక మూల లేచి టకటకమని ఆడింది. వేడికి వంగిన ప్లేటు మళ్లీ సరికాదు, దాన్ని మార్చవలసిందే. వేలు లీవరు మీద ఉండడం మంచిదే, కానీ దారి తేలిక అయిన చోట ఆ వేలి బరువు కూడా లీవరు మీద పడకూడదు.

వాసన వచ్చింది అన్నారు కాబట్టి మళ్లీ సాధనకు దిగకముందు కొన్ని చూసుకోండి. మొదటిది క్లచ్ ప్లే. లీవరు లాగడం మొదలుపెట్టినప్పుడు వైరు బిగుసుకునేలోపు లీవరు మొదలు దగ్గర, అంటే అది క్లాంపుకు కలిసే చోట, 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఖాళీ సాధారణంగా ఉండాలి, మీ బండి పుస్తకంలో ఇచ్చిన కొలత ఉంటే దాన్నే పాటించండి. లీవరు కొద్దిగా లాగగానే క్లచ్ విడిపోవాలని వైరును పూర్తిగా బిగించేసే అలవాటు చాలామందిలో చూశాను. అలా చేస్తే మీరు చెయ్యి తీసేసినా ప్లేట్ల మీద స్ప్రింగు ఒత్తిడి పూర్తిగా పడక, అవి ఎప్పుడూ కొద్దిగా జారుతూనే ఉంటాయి. క్లచ్ బాగా వేడెక్కినప్పుడు ప్లేట్లు ఉబ్బి ఈ ప్లే పెరుగుతుంది, ప్లేట్లు అరిగేకొద్దీ తగ్గుతుంది. అందుకే వేడిమీద ఉన్నప్పుడు సరిచేసిన ప్లేను చల్లారిన తరువాత మళ్లీ చూడాలి, లేకపోతే మరునాటికి ఖాళీయే మిగలదు. హైడ్రాలిక్ క్లచ్ (వైరుకు బదులు ద్రవంతో పనిచేసేది) ఉన్న బండిలో ఈ తేడాను అదే సర్దుకుంటుంది.

రెండోది ఆయిల్. నల్లబడి, కాలిన వాసన వస్తుంటే మార్చేయండి. డబ్బా మీద, ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు పనికొస్తుందని తెలిపే జాసో ఎంఏ (JASO MA) గానీ, ఎంఏ2 (MA2) గానీ గుర్తు ఉన్న మోటారు సైకిలు ఆయిల్ మాత్రమే పోయండి. కార్ల కోసం చేసిన ఆయిళ్లలో చాలావాటికి రాపిడి తగ్గించే పదార్థాలు కలుపుతారు, అవి ఇంజనుకు మేలు చేసినా మన క్లచ్ ప్లేట్లను జారేలా చేస్తాయి. కొన్ని మోడళ్లలో ఇంజనుకూ గేరు బాక్సుకూ వేరువేరుగా ఆయిల్ పోయాలి, కాబట్టి ఏది ఎక్కడ పోయాలో పుస్తకం చూసి పోయండి.

తరువాత, చదునైన చోట మూడో గేరులో లీవరు పూర్తిగా వదిలి గట్టిగా యాక్సిలరేటర్ ఇవ్వండి. ఇంజన్ అరుపు పెరిగినా బండి లాగకపోతే ప్లేట్లు అరిగాయని గానీ స్ప్రింగులు నీరసించాయని గానీ అర్థం. అలా లేకపోతే నిశ్చింతగా సాధన చేసుకోవచ్చు. ఎత్తు మీద వాసన వచ్చిన మరుక్షణం ఆపి, లీవరు వదిలేసి, బండిని పది నిమిషాలు చల్లారనివ్వండి. కొత్త ప్లేట్లు వేయవలసి వస్తే, రాపిడి ప్లేట్లను బిగించకముందు అదే ఆయిల్‌లో నానబెట్టాలి, పొడిగా వేస్తే మొదటి ప్రయాణంలోనే కాలుతాయి.

సమాధానం 4

మీరు అడిగిన ఎత్తు సంగతి ఎవరూ విడిగా చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. ఎత్తు మధ్యలో గేరు తగ్గించాలన్న ఆలోచనే మీ బండిని ఆపేస్తోంది. గేరు మార్చే ఆ అరక్షణం చక్రానికి బలం అందదు, అంతలో వేగం పోతుంది, ఏటవాలు మీద పోయిన వేగం తిరిగి రాదు. గేరును కిందనే ఎంచుకోండి. మామూలు ఎత్తులకు రెండో గేరు సరిపోతుంది. చదునులో వేగం తెచ్చుకుని, శరీరాన్ని ముందుకు వంచి ఎక్కడం మొదలుపెట్టండి. ఇంజన్ శబ్దం బరువెక్కబోతోందని చెవికి తెలియగానే, అది పూర్తిగా పడిపోయేదాకా ఎదురుచూడకుండా, యాక్సిలరేటర్ అలాగే ఉంచి లీవరును వేలితో అరసెకను కొద్దిగా లాగి వదలండి. ఇంజన్ ఊపిరి పీల్చుకున్నట్టు మళ్లీ వేగం అందుకుని, ఆ వేగంతో చక్రాన్ని తోస్తుంది. టూ స్ట్రోక్ బండిలో బలం ఎక్కువగా ఇంజన్ వేగంగా తిరిగినప్పుడే ఉంటుంది కాబట్టి ఈ పని ఇంకా తరచుగా చేయవలసి వస్తుంది.

వెనక చక్రం ఒకేచోట తిరుగుతుంటే బరువును కొద్దిగా వెనక్కి, ముందు చక్రం లేస్తుంటే ముందుకు జరపండి. మరీ లేచిపోతే లీవరు లాగితే బలం తెగిపోతుంది, వెనక బ్రేకు తొక్కితే ముందు చక్రం దిగుతుంది.

అయినా బండి మధ్యలో ఆగిపోయిందనుకోండి. చాలామంది కంగారులో క్లచ్ పట్టుకుని ముందు బ్రేకు బిగిస్తారు. ఏటవాలు మీద బరువంతా వెనక చక్రం మీద ఉంటుంది కాబట్టి ముందు చక్రం బిగుసుకుని కూడా జారిపోతుంది, బండి మనిషితో సహా వెనక్కి వస్తుంది. ఆగిపోయిన ఇంజన్‌ను గేరులోనే ఉంచి క్లచ్ వదిలేయండి. అప్పుడు ఇంజన్ కంప్రెషనే, అంటే సిలిండరులో గాలి ఒత్తిడే, వెనక చక్రాన్ని పట్టి ఉంచుతుంది. ఎత్తుగా ఉన్న వైపు కాలు మోపి, ఊపిరి తీసుకుని, లీవరును చిటికెడు చిటికెడుగా లాగి వదులుతూ బండిని అంగుళాల లెక్కన వెనక్కి దించవచ్చు, క్లచ్ ఇక్కడ చేతి బ్రేకులా పనిచేస్తుంది. ఈ దించడం ఒక చిన్న గట్టు మీద ముందే నాలుగైదుసార్లు చేసి ఉంచుకోండి. ఎత్తు అంటే ఉన్న భయం చాలావరకు ఆగిపోతే ఏం చేయాలో తెలియనందువల్ల వచ్చేదే.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. క్లచ్ ప్లే చూస్తే ఖాళీ అసలు లేదు, వైరును నేనే పూర్తిగా బిగించి ఉంచాను. దాన్ని సరిచేసి, ఆయిల్ మార్చి, లీవరును లోపలికి జరిపాను. రెండు వారాలుగా ఎనిమిది అంకె సాధన చేస్తున్నాను, మొన్న రాళ్ల మలుపును ఒక్కసారి కూడా కాలు దించకుండా దాటాను. చేతులు పట్టేయడం బాగా తగ్గింది, ఇప్పుడు తొడలు నొప్పి పుడుతున్నాయి, అంటే బరువు సరైన చోటికి చేరిందని అనుకుంటున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. నిటారుగా దిగేటప్పుడు భయంతో క్లచ్ పట్టేస్తున్నాను, బండి ఇంకా వేగం అందుకుంటోంది. వదిలేస్తే వెనక బ్రేకు తొక్కగానే ఇంజన్ ఆగిపోతోంది. దిగేటప్పుడు వేలు ఎలా ఉండాలి?

సమాధానం 1 రాసినవారు

దిగేటప్పుడు క్లచ్ వదిలే ఉంచండి. ఫస్ట్ గేరులో గానీ రెండో గేరులో గానీ ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి లాగుతుంది, ఫోర్ స్ట్రోక్‌లో ఆ పట్టు మరీ బలంగా ఉంటుంది. క్లచ్ పట్టుకోగానే ఆ పట్టు తెగిపోయి, బండి న్యూట్రల్‌లో దొర్లినట్టు పోతుంది. మీకు జరుగుతున్నది అదే.

నిలబడి, మోకాళ్లతో ట్యాంకును నొక్కి, నడుమును వెనక్కి జరపండి. దిగుడులో బరువు ముందు చక్రం మీదకు వస్తుంది కాబట్టి ఆపే శక్తి ఎక్కువగా ముందు బ్రేకులోనే ఉంటుంది. దాన్ని ఒక్క వేలితో, పట్టు పెంచుతూ పోయేలా నొక్కండి, ఒక్కసారిగా పట్టేస్తే చక్రం జారుతుంది. హ్యాండిల్ నిటారుగా ఉన్నంతసేపే ఈ బ్రేకును నమ్ముకోవాలి. వెనక బ్రేకు తొక్కినప్పుడు చక్రం పూర్తిగా బిగుసుకుపోతే దానితో పాటు ఇంజన్ కూడా ఆగుతుంది. అందువల్ల టైరు మట్టిని గీరుతున్న శబ్దం మొదలవగానే, ఇంజన్ రెండు మూడు దెబ్బలు బరువుగా కొట్టగానే, లీవరును పట్టు వదిలే చోటిదాకా లాగి, పాదం కొద్దిగా సడలించి, చక్రం మళ్లీ తిరగడం మొదలవగానే లీవరు వదిలేయండి. మొదట్లో చిన్న దిగుడు మీద, వెనక చక్రాన్ని కావాలనే బిగించి ఈ పని చేయండి. ఇంజన్ ఆగబోయే ముందు వచ్చే ఆ బరువైన శబ్దాన్ని చెవి గుర్తుపట్టేసరికి వేలు దానంతట అదే కదులుతుంది.